ఆ 32 కనెక్షన్ల చిట్కా ఇక ఎవరికీ పంపకండి

విజయవాడ పటమట హాస్టళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. 'వైఫై స్లోగా ఉందా? కంపెనీవాళ్లు మీ ప్యాకెట్లు కావాలనే పడేస్తున్నారు. డీఎన్‌ఎస్ మార్చండి, స్పీడు రెట్టింపవుతుంది. డౌన్‌లోడ్ మేనేజర్‌లో 32 కనెక్షన్లు పెట్టుకోండి, మీ వాటా మీకొస్తుంది. అయినా కనెక్షన్ల లెక్కన పంచడమేం న్యాయం?' అని. వద్దన్నా పంపుతూనే ఉన్నారు.

డీఎన్‌ఎస్ సైటు అడ్రసు వెతికిపెడుతుంది, అంతే. దానివల్ల డౌన్‌లోడ్ స్పీడు రెట్టింపు కాదు.

ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పడిపోవడం మోసమూ కాదు. డేటా ఎంత వేగంగా పంపాలో చూసుకునే పద్ధతి పేరు టీసీపీ. లైను నిండిందని దానికి ఎక్కువగా తెలిసేది అలాగే. తెలియగానే వేగం తగ్గించుకుంటుంది. ఆ తగ్గింపు లేని రోజుల్లో, 1986 అక్టోబరులో, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వేలు కాదు, అక్షరాలా నలభై బిట్లు. ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పద్ధతులతోనే ఆ గండం గట్టెక్కింది.

అసలు కోపం 32 కనెక్షన్ల మీద. లైను ఒక్కో కనెక్షన్‌కూ దాదాపు సమానంగా వాటా దక్కుతుంది, అది ఎవరిదైనా సరే. 100 ఎంబీపీఎస్ లైను మీద పదిమంది తలా ఒక కనెక్షన్‌తో డౌన్‌లోడ్ చేస్తుంటే ఒక్కొక్కరికీ సుమారు పది వస్తుంది. ఒకడు 32 తెరిచాడనుకోండి. మొత్తం 41 కనెక్షన్లు. వాడికి 78, మిగతా తొమ్మిదిమందికీ తలా రెండున్నర కూడా రాదు. పక్క గదిలో ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్ల ఏమైపోవాలి? కాలువ ఎగువన ఒక రైతు 32 తూములు పెట్టుకుంటే చివరి ఆయకట్టు ఎండిపోతుందని గుంటూరు జిల్లాలో ఎవరికి తెలియదు? ఇది మీ వాటా కాదు, పక్కవాడిది. పోనీ అందరూ 32 తెరిస్తే? మళ్లీ తలా పదే! పైగా రౌటర్‌లో ప్యాకెట్ల క్యూలు పెరిగి వీడియో కాల్స్ తెగిపోతాయి.

ఆ మెసేజ్‌లోని చివరి ప్రశ్న మాత్రం సరైనదే. కనెక్షన్లను బట్టి పంచడం న్యాయం కాదు. నెట్‌వర్క్ పరిశోధకుడు బాబ్ బ్రిస్కో 2007లోనే ఈ మాట గట్టిగా వాదించారు. అయితే దానికి మందు ఇంకో 31 కనెక్షన్లు కాదు, మనిషి మనిషికీ పంచే రౌటర్. 2018లో లినక్స్‌లో చేరిన 'కేక్' అనే క్యూ నిర్వహణ పద్ధతి దాదాపు ఆ పనే చేస్తుంది, ఒక్కో పరికరానికి సమానంగా పంచుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్‌లో దాన్ని పెట్టించి, వేగాన్ని లైను అసలు స్పీడు కంటే కాస్త తక్కువకు పరిమితం చేయమని హాస్టల్ ఓనరుగారిని అడగండి. గ్రూపులో పంపాలనుకుంటే ఇది పంపండి.