ఎన్నికల్లో గెలిచినవారికి అండగా నిలవలేదు
అమెరికా ఎక్కడైనా ప్రజాస్వామ్యం పక్షానే నిలిచిందని ఒక వ్యాసంలో రాశారు. దీనితో నేను ఏకీభవించలేను. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాద్దెగ్‌ను కూలదోయడం వెనుక అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఉందన్నది వారే ఒప్పుకున్న సంగతి. అంత దూరం ఎందుకు, మన పక్కనే జరిగింది చూడండి. 1970 డిసెంబరు ఎన్నికల్లో పాకిస్తాన్ జాతీయ సభలోని 300 స్థానాల్లో 160 తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) పార్టీ అవామీ లీగ్ గెలిచింది. వారికి అధికారం ఇవ్వకుండా సైన్యం 1971 మార్చి 25 రాత్రి ఢాకాపై విరుచుకుపడితే, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్‌నే వెనకేసుకొచ్చారు. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ ఈ వైఖరిని తప్పుపడుతూ తంతి పంపితే, ఆయననే అక్కడి నుంచి తప్పించారు. నిజాయితీ గల అధికారులు అక్కడా ఉన్నారు, వారి మాట చెల్లలేదంతే. మా నాన్నగారు అప్పుడు మద్రాసు రేవులో గుమాస్తా. ఆ డిసెంబరులో భారత్-పాక్ యుద్ధం జరుగుతుండగా అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతం వైపు వస్తోందని రేడియోలో విని, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదని చెప్పేవారు. ఓట్లు వేసి గెలిచినవారిని కాపాడటానికి మాత్రం ఆ నౌక రాలేదు. జర్మనీ, జపాన్‌లలో ప్రజాస్వామ్యానికి అమెరికా తోడ్పడిందని వ్యాసకర్త రాసినది నిజమే. కానీ ఢాకా ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేకపోవడం నన్ను బాధించింది.