ఫీనిక్స్ కింద ఉన్నది పాత క్షిపణే

జెఫ్రమ్ కాక్రన్‌కి గాల్లో ఎగరడమంటే పడదు. ఎక్కడికైనా రైల్లోనే వెళ్తాడు. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ లోకపు చరిత్రలో మాత్రం 2063 ఏప్రిల్ 5న కాంతిని మించిన వేగంతో వెళ్లిన తొలి మనిషి ఆయనే. 1996లో వచ్చిన 'ఫస్ట్ కాంటాక్ట్' సినిమాలో, ఆ ప్రయాణానికి ముందు రాత్రి ఆయన పీకలదాకా తాగి తూలుతుంటాడు. మూడో ప్రపంచ యుద్ధం 60 కోట్ల మందిని మింగి పదేళ్లయింది. అమెరికాలోని మోంటానా అడవిలో ఓ పేద గుడారాల ఊరు. ఈ ఓడ ఎందుకు కట్టావయ్యా అంటే ఆయన చెప్పే జవాబు ఒకటే, డబ్బు కోసం.

ఆ ఓడ పేరు ఫీనిక్స్. అందులోని వార్ప్ ఇంజిన్, అంటే కాంతిని మించిన వేగాన్నిచ్చే యంత్రం, ఎలా పనిచేస్తుందో అభిమానులు ఎంతసేపైనా వాదించుకుంటారు. నా కన్ను మాత్రం ఓడ కింది భాగం మీదే ఉంటుంది. అది టైటాన్ క్షిపణి. అణుబాంబు మోయడానికి చేసిన గొట్టం మీద కాక్రన్ తన ఓడని కూర్చోబెట్టాడు. ఈ ఒక్క విషయంలో సినిమా రాసినవాళ్లు భవిష్యత్తును ఊహించలేదు, గతాన్ని చూసి రాసుకున్నారు.

1957 అక్టోబర్ 4న తొలి ఉపగ్రహం స్పుత్నిక్‌ని మోసుకెళ్లిన సోవియట్ రాకెట్ ఆర్-7 అసలు ఖండాంతర క్షిపణి. 83.6 కిలోల గుండు కోసం ఎవరూ అంత పెద్ద రాకెట్ కట్టరు, హైడ్రోజన్ బాంబు కోసం కడతారు. అమెరికా కథా అంతే. 1965, 66ల్లో నాసా జెమినీ కార్యక్రమం వ్యోమగాములు ఇద్దరిద్దరు చొప్పున పదిసార్లు వెళ్లింది టైటాన్-2 మీదే. సరిగ్గా అదే కాలంలో అవే టైటాన్లు 54, సోవియట్ యూనియన్ వైపు గురిపెట్టి సైలోల్లో, అంటే క్షిపణిని నిలబెట్టే లోతైన భూగర్భ గోతుల్లో, సిద్ధంగా ఉండేవి.

మన దగ్గర ఇది తిరగబడింది. 1980లో శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని పంపిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశే తర్వాత అగ్ని క్షిపణికి పునాది అయింది. ఆ రాకెట్‌ని నడిపించిన కలామ్ 1982లో హైదరాబాద్‌లో క్షిపణులు రూపొందించే రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కి వచ్చారు. అక్కడ క్షిపణి రాకెట్ అయితే, ఇక్కడ రాకెట్ క్షిపణి అయింది.

సరే, సినిమాలో నాకు మింగుడుపడనిది వార్ప్ కాదు, టైటానే. మోంటానాలో టైటాన్-2లు ఎప్పుడూ లేవు. అవి ఉన్నది అరిజోనా, కాన్సస్, ఆర్కన్సాలలో. మోంటానాలో ఉన్నవి ఘన ఇంధనంతో నడిచే మినిట్‌మన్‌లు. పైగా టైటాన్-2 ద్రవ ఇంధనం మహా ప్రమాదం. 1980 సెప్టెంబర్‌లో ఆర్కన్సాలోని డమాస్కస్ దగ్గర ఓ టెక్నీషియన్ చేతిలోంచి రెంచి సాకెట్ ఒకటి జారింది. మూడున్నర కిలోల ఇనప ముక్క. అది కిందపడి ఇంధన ట్యాంకుకి చిల్లి పెట్టింది. గంటల తర్వాత సైలో పేలి, దాని భారీ తలుపు ఎగిరిపోయింది, ఓ సైనికుడు చనిపోయాడు. శిక్షణ ఉన్న వాయుసేన వాళ్ల చేతుల్లోనే ఇలా అయితే, బార్‌లోంచి నేరుగా వచ్చిన కాక్రన్ బృందం వందేళ్ల క్షిపణిని ఎలా లేపిందో మరి.

అయినా కాక్రన్ పాత్ర నాకు నచ్చుతుంది. భవిష్యత్తు నుంచి వచ్చినవాళ్లు నీ పేరు మీద స్కూలుంది, ఇక్కడే నీ విగ్రహం పెడతారు అని చెబుతుంటే ఆయనకు టెన్షన్ పట్టుకుంటుంది. చివరికి అడవిలోకి పారిపోతాడు. ఇక్కడ సెర్గేయ్ కరల్యోవ్ గుర్తొస్తాడు. ఆర్-7ని, స్పుత్నిక్‌ని, గగారిన్ ప్రయాణాన్ని నడిపించిన ఆ ఇంజినీర్ పేరు, 1966 జనవరిలో ఆయన చనిపోయేదాకా జనానికి తెలియదు. ఒకరికి పని పూర్తికాకముందే విగ్రహం కబురు అందింది. ఇంకొకరికి పని పూర్తయ్యాక కూడా పేరు దక్కలేదు.

తేదీల సంగతి వేరు. స్టార్ ట్రెక్ టీవీ సిరీస్ 1967 ఎపిసోడ్‌లో 1990ల్లో జరుగుతాయన్న జన్యు యుద్ధాలు జరగకుండానే ఆ దశాబ్దం దాటిపోయింది. 2023లో ఓ కొత్త సిరీస్ ఎపిసోడ్ వాటిని తర్వాతి కాలానికి జరిపింది, మధ్యలో కాలయాత్రికులు వేలుపెట్టారని సర్దిచెప్పింది. 2063కీ ఆ గతి పట్టొచ్చు. నన్నడిగితే నష్టం లేదు, ఫీనిక్స్ మూలాలు క్యాలెండర్‌లో లేవు కాబట్టి.

అవి ఎక్కడున్నాయో చూడాలంటే అరిజోనాలో టూసాన్‌కి దక్షిణంగా ఉన్న సహువారిటా వెళ్లాలి. అక్కడి టైటాన్ మ్యూజియంలోనే సినిమా సైలో దృశ్యాలు తీశారు. నిజం క్షిపణి మీదే ఫీనిక్స్ ముక్కు తొడిగారు. ఆ సైలో తలుపు ఇప్పటికీ సగమే తెరిచి ఉంటుంది, ఇంకా జరగకుండా కాంక్రీటు దిమ్మెలు అడ్డంపెట్టారు. క్షిపణి ముక్కుకి కోసిన రంధ్రం ఒకటి ఉంటుంది. ఇది ఇక పేలదని సోవియట్ ఉపగ్రహాలు పైనుంచి చూసి నమ్మడానికి చేసిన ఏర్పాట్లు అవి.