పండు చేతికివ్వండి

కోనసీమలోని రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర గెలలు లారీలకెక్కుతుంటాయి. అక్కడికి నాలుగడుగుల దూరంలో, కొట్టు గుమ్మం మీద కూర్చుని, మూడేళ్ల పిల్లాడు మామిడి డ్రింకు పీలుస్తుంటాడు. డబ్బా అడుగంటి స్ట్రాలో గరగరమని చప్పుడొచ్చేదాకా వదలడు. "అన్నం పెడితే ఉమ్మేస్తున్నాడండీ, జ్యూసన్నా తాగుతున్నాడు కదా" అంటుంది తల్లి. గోదావరి డెల్టాలో ఏ ఊరికెళ్లినా ఇదే మాట వినిపిస్తోంది.

ఆ తల్లి టెన్షన్ మాకు అర్థమవుతుంది. అయితే చాలా ఇళ్లల్లో జ్యూస్ తాగడం వల్లే పిల్లలు అన్నం తినడం లేదు. గుప్పెడంత పొట్ట అది. పదిన్నరకి 200 మిల్లీలీటర్ల తీపి నీళ్లు పడితే పన్నెండింటికి పప్పన్నానికి చోటెక్కడ ఉంటుంది? మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ పిల్లలకు కావలసింది పప్పు, ఆకుకూర, గుడ్డు. వాటి చోటును పంచదార ఆక్రమిస్తోంది.

అలాంటి ఒక్క డ్రింకు ప్యాకెట్లో ఇరవై గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఐదు టీస్పూన్ల పైమాటే. రోజు తిండిలో వచ్చే శక్తిలో విడి చక్కెర (తిండిలో, డ్రింకుల్లో విడిగా కలిపే తీపి) వాటా పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతులోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. నాలుగేళ్ల పిల్లకు ఆ మంచి హద్దు పదహారు గ్రాముల దగ్గరే ఆగుతుంది. పండ్ల రసంలోని తీపిని కూడా ఆ సంస్థ విడి చక్కెరగానే లెక్కేసింది. ఇక 'ఫ్రూట్ డ్రింక్' అన్న పేరు పెట్టుకోవడానికి మన నిబంధనల ప్రకారం పండు రసం పదో వంతు ఉంటే సరిపోతుంది. అట్ట మీద బొమ్మ మాత్రం నిండు మామిడిపండు.

మరి ఇంట్లో పిండిన బత్తాయి రసమో? కల్తీ లేదు, నిజమే. కానీ గ్లాసు నిండాలంటే రెండు మూడు కాయలు పిండాలి. పిల్ల కూర్చుని తింటే ఒక కాయకే కడుపు నిండుతుంది. వడకట్టిన పీచు చెత్తబుట్టలోకి పోతుంది, తీపి ఒక్క గుక్కలో లోపలికి పోతుంది. నిద్రపుచ్చడానికి పాలసీసాలో రసం పోసి నోట్లో పెడితే ముందరి పళ్లు పుచ్చిపోతాయి.

మూడో నెలలోనే బత్తాయి రసం పట్టించమని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. మన అమ్మమ్మలు, నానమ్మలు ఆ మాట నమ్మి పెంచారు. వాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. ఇప్పుడు సలహా మారింది. ఏడాదిలోపు రసమే వద్దని, మూడేళ్ల వరకు రోజుకు 120 మిల్లీలీటర్లు మించొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో చెప్పింది. ఆరు నెలలు నిండాక మెత్తగా చిదిమిన చక్రకేళి అరటిపండు పెట్టండి. అంతకు ముందు తల్లిపాలే చాలు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. వరద తీశాక లంకల్లో నీళ్లు చెడితే విరేచనాలు ముందు పసివాళ్లనే పట్టుకుంటాయి. చూడ్డానికొచ్చిన చుట్టాలు ప్రేమతో జ్యూస్ ప్యాకెట్లు తెస్తారు. ఆ తీపి పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు, అంటే అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజే ఉంటుంది. జ్యూస్‌లో చక్కెర అంతకు ఏడు రెట్ల పైమాటే. తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. చుట్టాలారా, ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసుకెళ్లండి. ఇంట్లో ఉప్పేసిన గంజి కాయమనండి.

ఇన్ని పళ్లు కాసే నేలకు ఈ కరువేమిటో మాకు అర్థం కావడం లేదు. పెరటి జామలో సి విటమిన్ నారింజ కంటే నాలుగు రెట్ల వరకు ఉంటుంది. తోటకూర పప్పు తిన్నాక గింజ తీసిన పండు జామ ముక్క తింటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. బొప్పాయి, సపోటా, నేరేడు, వేసవిలో తాటిముంజలు దేనికి తీసిపోయాయి? ప్యాకెట్ కన్నా చవక కూడా.

గెల ధర పడిపోయి కోత కూలి కూడా రాని రోజుల్లో రైతు పండును తోటలోనే వదిలేస్తాడు. ఆ పండును పక్క వీధి అంగన్‌వాడీకి, బడికి గిట్టుబాటు ధరకు కొనిపించే ఏర్పాటు డెల్టా జిల్లాల కలెక్టర్లు చేయగలరు. బడి గేటు పక్కన డ్రింకుల ఫ్రిజ్ ఉన్నచోట జామకాయల బండికి చోటివ్వడం పంచాయతీల చేతిలో పని. జూన్‌లో బడులు తెరిచేలోపు ఈ రెండూ మొదలుకావాలని కోరుతున్నాం.