గుర్తుపట్టే విద్యలో మా వీధి అరుగు

విజయనగరంలో గంటస్తంభానికి కూతవేటు దూరంలో మా వీధి అరుగు ఉంది. సాయంత్రం అయిదింటికి దాని మీద చేరే అయిదుగురిలో ముగ్గురు పదవీ విరమణ చేసినవారు, ఒకరు చేయబోతున్నవారు, ఇంకొకరు ఏనాడూ ఏ పదవిలోనూ లేనివారు. ఎవరికి హెచ్ఐవీ ఉందో వీరు చూపుతోనే చెప్పగలరు. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో దిగిన మనిషి నడక, చేతిలోని సంచీ, రెండు నెలల్లో తగ్గిన ఒళ్లు చూస్తే చాలు, తీర్పు వచ్చేస్తుంది. ఇంతటి విద్య ఊళ్లో ఉండగా, అదే పని మీద మన ఒంట్లో తిరుగుతూ, వైరస్ సోకిన కణాలను పట్టి చంపే కిల్లర్ టీ కణాలు పడే ప్రయాస చూస్తే జాలి కలుగుతుంది. అరుగు సభ్యుల్లో ఒకడిగా ఆ కణాల లోపాలను ప్రజల ముందుంచడం నా బాధ్యత.

మొదటి లోపం, వాటికి సాక్ష్యం కావాలి. టీ కణం మరో కణం లోపలికి తొంగిచూడలేదు. అందుకని మన ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ లోపల తయారైన ప్రొటీన్లను తుంచి, సాధారణంగా తొమ్మిది అమైనో ఆమ్లాలుండే ముక్కను హెచ్ఎల్ఏ అనే పళ్లెంలో పెట్టి, పైడితల్లి అమ్మవారి గుడి ముందు నైవేద్యం పట్టుకుని నిలబడ్డట్టు, గుమ్మంలో చూపుతుంది. టీ కణం ఆ ముక్కనూ పళ్లేన్నీ కలిపి చదవాలి. ముక్క వైరస్‌దే అయినా పళ్లెం పరాయిదైతే కదలదు. 1974లో ఎలుకల్లో ఈ సంగతి కనిపెట్టిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ముక్కా పళ్లెమూ ఏదీ అడగకుండానే తేల్చేసే మా అరుగుకు ఇప్పటివరకు ఎవరూ శాలువా అయినా కప్పలేదు.

రెండవది శిక్షణ. రొమ్ముటెముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో శిక్షణకు చేరిన కణాల్లో నూటికి అయిదు కూడా ప్రాణాలతో బయటికి రావు. సొంత ఒంటి ముక్కలను చూసి రెచ్చిపోయే కణాన్ని అక్కడే అంతం చేస్తారు. సొంతవాళ్ల మీద పడేవాళ్లను ముందే ఏరివేసే ఈ నియమాన్ని మా దగ్గర అమలు చేస్తే అరుగు మీద పిల్లి తప్ప ఎవరూ మిగలరు.

పని తీరు మరీ సంకుచితం. వైరస్ ముక్క కనిపించిన కణాన్ని ఆనుకుని, పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో దాని గోడకు రంధ్రాలు పొడిచి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లను లోపలికి పంపి, ఆ కణం తనంతట తాను చచ్చేలా చేసి టీ కణం ముందుకు సాగిపోతుంది. పక్క కణం గోడకు గీత కూడా పడదు. మా తీర్పుకు విస్తృతి ఎక్కువ. కిందటేడు ఒక ఇంటి మీద అనుమానం కలగగానే ఆ ఇంటి పాలు మానేశాం, పిల్లవాడు బడిలో చివరి బెంచీకి చేరాడు, చెల్లెలికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ ఇంటాయన ఆసుపత్రికి వెళ్లింది తల్లి కంటి శుక్లాల కోసమని తరువాత తెలిసింది, కానీ అప్పటికే పాలవాడు మారిపోయాడు.

వైరస్ కూడా తక్కువది కాదు. దాని నెఫ్ ప్రొటీన్ హెచ్ఎల్ఏ-ఏ, హెచ్ఎల్ఏ-బీ పళ్లేలను గుమ్మంలోంచి తీసేయిస్తుంది. అన్నీ తీసేస్తే ఖాళీ గుమ్మాన్ని అనుమానించే నేచురల్ కిల్లర్ కణాలు వస్తాయని సీ రకం జోలికి నెఫ్ పోదు. పైగా ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరగరాసే దాని గుమాస్తా తప్పులు దిద్దడు. ముప్ఫై ఏళ్లు నకళ్లు రాసినవాణ్ణి కాబట్టి ఆ గుమాస్తా మీద నాకు కొంత అభిమానముంది. తొమ్మిదింటిలో ఒక్కటి మారినా టీ కణం పోల్చుకోలేకపోవచ్చు. అయితే వైరస్ లోపలి పెట్టెను కట్టే పీ24 ప్రొటీన్‌లో కొన్ని చోట్ల మార్పు జరిగితే వైరస్సే కుంటుపడుతుంది. బీ57, బీ27 రకం పళ్లేలు సరిగ్గా అలాంటి చోట్ల ముక్కలను చూపుతాయి. మందు లేకుండానే వైరస్‌ను అణచిపెట్టేవారు నూటికి ఒకరు కూడా ఉండరు, వారిలో ఈ పళ్లేలవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. అణచేది ఈ కణాలేనా అన్న సందేహం 1999లో చాలావరకు తీరింది. కోతుల రకం వైరస్ సోకిన రీసస్ కోతుల్లో సీడీ8 కణాలను, అంటే ఈ కిల్లర్ టీ కణాల జాతిని, తొలగించగానే వైరస్ పెరిగింది, ఆ కణాలు తిరిగి రాగానే తగ్గింది.

ఇంతా చేసి ఈ కణాలు అలసిపోతాయి. ఏళ్ల తరబడి అదే ముక్కను చూసి చూసి, పీడీ-1 అనే కళ్లెం ఒంటి మీద పెంచుకుని చతికిలబడతాయి. విశ్రాంతిలో ఉన్న సీడీ4 అనే మరో రకం టీ కణాల్లో వైరస్ నిద్రపోతే అక్కడ ముక్కా ఉండదు, కిల్లర్ టీ కణం పక్కనుంచే వెళ్లిపోతుంది. రోజూ మాత్ర వేసుకోవలసిరావడం అందుకే. 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఆ మందులు సక్రమంగా వాడి, పరీక్షలో వైరస్ కనబడని స్థాయికి చేరి, అక్కడే నిలిచినవారి నుంచి లైంగికంగా వైరస్ సోకదని వైద్యులు అంటారు. పరీక్షలో కనబడనిది కూడా మాకు కనబడుతుంది కాబట్టి అరుగు దీన్ని ఆమోదించలేదు. అనుమతి లేకుండా ఒకరి హెచ్ఐవీ సంగతి బయటపెట్టరాదన్న 2017 నాటి చట్టం మీద కూడా చర్చ జరిగింది. మేము చెప్పేవాటిలో సగం నిజం కావు గనుక అది మాకు వర్తించదని ఏకగ్రీవంగా తేల్చాం.

మొన్న మంగళవారం ఎదురింటి ఇంటర్ చదివే పిల్ల ఇదంతా విని, "మీరైదుగురూ ఓపాలి సర్కారు పరీక్షా కేంద్రం ఐసీటీసీకెల్లి హెచ్ఐవీ పరీక్ష చేయించుకోండి తాతా, అక్కడ డబ్బులు కూడా తీసుకోరు" అంది. ప్రతిపాదనను బుధవారం చర్చకు పెట్టాం. బుధవారం నేనొక్కణ్ణే వచ్చాను, అదీ మరిచిపోయిన గొడుగు కోసం.