నెల రోజుల్లో గుండె పూడికలు కరుగుతాయన్న సందేశం గురించి

ఒడిశాలోని పర్లాకిమిడి, గునుపూరు, బరంపురం తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, ఆపిల్ వెనిగర్ కలిపి మరిగించి, తేనె చేర్చి పరగడుపున తాగితే నెల రోజుల్లో గుండె ధమనుల పూడికలు కరిగిపోతాయనీ, మాత్రలు మానేయవచ్చనీ, దీన్ని ‘ఎథిరోస్క్లెరోసిస్’ అనే పరిశోధన పత్రిక ధ్రువీకరించిందనీ అందులో ఉంది.

ఆ పత్రిక ఉన్నమాట నిజమే. 1961లో వేరే పేరుతో మొదలై, 1970 నుంచి ఈ పేరుతో వస్తోంది. అయితే అటువంటి పత్రికలో వ్యాసమంటే సంవత్సరం, సంపుటి, పరిశోధకుల పేర్లు, ఎవరిపై ఎన్నాళ్లు పరీక్షించారన్న వివరం ఉంటాయి. సందేశంలో వీటిలో ఒక్కటీ లేదు. పైగా వ్యాసం అచ్చయినంత మాత్రాన పత్రిక ఆ మందును ధ్రువీకరించినట్టు కాదు.

అసలు పొరపాటు ‘కరగడం’ అన్న మాటలో ఉంది. పంటకాలువలో ఒండ్రులాగా కొవ్వు ధమని లోపల పేరుకుంటుందనీ, ఘాటైన రసం దాన్ని కడిగేస్తుందనీ ఊహ. నిజానికి రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకుపోయే ఎల్‌డీఎల్ కణాలు ధమని లోపొరను దాటి గోడలోకి చేరతాయి. తెల్లరక్తకణాలు వాటిని మింగి నురగ కణాలవుతాయి. వాటిపై పీచు కణజాలం కప్పులా పెరుగుతుంది, క్రమంగా సున్నమూ చేరుతుంది. ఆ కప్పు చిట్లినచోట రక్తం గడ్డకట్టడం వల్లనే చాలా గుండెపోట్లు వస్తాయి. 2006లో వెలువడిన ఆస్టరాయిడ్ అధ్యయనంలో, కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ అనే మందును రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున రెండేళ్లు ఇచ్చి, ధమనిలోకి అల్ట్రాసౌండ్ గొట్టం పంపి కొలిస్తే, ధమనిలో పూడిక ఆక్రమించిన వాటా సగటున ఒక శాతం మేరకే తగ్గింది.

వెల్లుల్లినీ విడిగా పరీక్షించారు. 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 192 మందిపై ఆరు నెలలపాటు పచ్చి వెల్లుల్లిని, వెల్లుల్లి మాత్రలను పరీక్షిస్తే ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. కూరలో వేసుకోవడానికి అభ్యంతరమేమీ లేదు. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం రోజూ తాగే ఆ తేనెను లెక్కలో వేసుకోవాలి.

మాత్రలు మానమనడం అన్నిటికన్నా ప్రమాదకరం. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో, గుండెజబ్బు ఉన్న 4,444 మందిని సుమారు అయిదేళ్లు గమనించగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది, అదే కోవకు చెందిన సిమ్వాస్టాటిన్ మందు వేసుకున్నవారిలో 182 మంది మరణించారు. ఇక విశాఖలోనో బరంపురంలోనో స్టెంటు (ధమనిని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించుకొని వచ్చినవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను వైద్యుణ్ణి అడగకుండా ఆపితే, ఆ స్టెంటులోనే గడ్డ ఏర్పడి గుండెపోటు రావచ్చు.