గుడ్డుకి ఈకలు పీకే శాస్త్రం

కోడిగుడ్డుకి ఈకలు పీకడం అంటే ఇన్నాళ్ళూ దెప్పిపొడుపే అనుకున్నాను. మొన్న సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూశాక అదొక శాస్త్రమని తెలిసింది.

మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక రెండు తెల్ల గుడ్లు కనిపించాయి. ఫోటో తీసి, చుట్టూ ఉన్న చెత్తంతా కత్తిరించి, గుడ్లు మాత్రమే నిండుగా కనబడేలా గ్రూపులో పెట్టాను. ఏ పిట్టవి ఇవి?

పది నిమిషాల్లో తీర్పులొచ్చేశాయి. మూడో అంతస్తు మాస్టారు గుడ్లగూబవన్నారు. పేరులోనే గుడ్లున్నాయి కదా, ఇంకేం ఆధారం కావాలి? రెండో అంతస్తు పిన్నిగారు చిలకవన్నారు. ఒకాయన బల్లివని చెప్పి, శాంతి చేయించుకోమన్నాడు. సెక్రటరీగారు మాత్రం నా మెయింటెనెన్స్ బాకీ గుర్తు చేశారు.

మాస్టారినీ పిన్నిగారినీ పూర్తిగా తప్పుపట్టలేం. తొర్రల్లో గుడ్లు పెట్టే పిట్టలకి రంగుతో ఏం పని, ఆ చీకట్లో ఎవడు చూడొచ్చాడు? గుడ్లగూబ, చిలక, లకుముకి అన్నీ తెల్లవే పెడతాయి. అసలు పిట్టల దగ్గరున్న రంగు డబ్బాలే రెండు. నీలం, ఆకుపచ్చలకి బిలివర్డిన్, ఎరుపు, గోధుమలకి ప్రోటోపార్ఫిరిన్. వాటితోనే గోరువంక మచ్చలేని నీలం తెస్తుంది. తీతువు నేలమీద పెట్టిన గుడ్లని కంకరలో కలిసిపోయేలా చేస్తుంది. మా బిల్డింగుకి రంగులేసినవాడు అన్ని డబ్బాలు తెచ్చి కూడా గోడని గోడలా ఉంచలేకపోయాడు.

సైజెంత, గూడెలా ఉంది, ఎంత ఎత్తులో ఉంది, ఏ నెల అని అడిగేవాడు పిరికివాడు. మనవాళ్ళు పాస్‌పోర్టు ఫోటో చూసి గోత్రం చెప్పే రకం. ఆర్కే బీచ్ ఇసుకలో దొరికిన గుండ్రటి తెల్ల గుడ్డు ఫోటో పెట్టినా పిట్ట పేరే చెప్తారు, ఆలివ్ రిడ్లీ తాబేలు ఏమనుకున్నా సరే.

1885లో కాంగ్రెస్ పుట్టడానికి కారకుడైన హ్యూమ్ దొర వేలకొద్దీ గుడ్లు పోగేసి, ఆ ఏడాదే బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. పాపం, గ్రూపు లేని రోజులు. ఇప్పుడలా గూళ్ళ మీద పడితే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు, కాబట్టి మనకి ఫోటోనే దిక్కు.

ఈ విద్యలో కాకి మరీ వెనకబడింది. కోకిల వచ్చి తన గూట్లో గుడ్డు పెట్టిపోతుంది. కాకి గుడ్డు కన్నా అది చిన్నది కూడా. అయినా పట్టపగలు, దాని మీదే కూర్చుని, పోల్చుకోలేక పొదుగుతుంది. మా మాస్టారైతే జూమ్ చేసి పట్టేసేవారు.

ఇంతలో ఏసీ మెకానిక్ వచ్చాడు. గుడ్ల వైపు చూడనైనా లేదు.

"ఏటి సార్, పావురం గూడు కదా ఇది. నాలుగు పుల్లలు పడీసి గూడనేస్తాది."

కత్తిరించని అసలు ఫోటో తెరిచి చూశాను. నేను చెత్తని కత్తిరించేసిన దాంట్లో నాలుగు పుల్లలు, రెట్టలు, మూల మీద బూడిదరంగు తోక ఉన్నాయి.

గ్రూపులో చెప్పాను. మాస్టారు ఒప్పుకోలేదు. మెకానిక్ ఏం చదివాడని అడిగారు. పొదగడానికి ఓ 18 రోజులు పడుతుంది కదా, పిల్లలయ్యాక మళ్ళీ ఫోటో పెట్టమన్నారు. బాగా దగ్గరగా, పక్కన ఏమీ లేకుండా.