రిటైరైన రేవుకు ఒక టాలీ గుమాస్తా ఉత్తరం

డెన్మార్క్ దేశం కోపెన్‌హాగెన్‌లో ఒకప్పుడు ఓడలాగే రేవుగా ఉండి, ఇప్పుడు జనం కూర్చునే మైదానమైన చిరంజీవి ఒఫీలియా ప్లాస్‌ను ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు. వయసు చూస్తే నువ్వు మా తాతల నాటిదానివి. ఈ సోకు మాత్రం 2016లో వచ్చింది, అంటే మా మనవరాలికంటే చిన్నదానివి. నేను సోకునుబట్టే పోతున్నాను.

ముందు నా సంగతి చెబుతాను. ముప్పై నాలుగేళ్లు రేవులో టాలీ గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఏ రేవని అడక్కు, పెన్షన్ ఇంకా అక్కడి నుంచే వస్తోంది. ఓడ బెర్తుకు ఆనాక కింద స్టూలు వేసుకుని కూర్చుని, క్రేన్ దింపే ఒక్కో స్లింగులో ఎన్ని బస్తాలున్నాయో గీతలు గీయడం నా ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీద అడ్డంగా. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే నిద్రలో కూడా నా వేలు దుప్పటి మీద గీతలు గీసేదని మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. మూడో రోజు సాయంత్రం "నాన్నా, నీకు రేవంటే ప్రాణం కదా, పద" అని నీ దగ్గరికి తీసుకొచ్చింది. చేతిసంచిలో పులిహోర, ఫ్లాస్కులో టీ, నా తలకి మంకీ క్యాపు. చుట్టూ మీ ఊరి జనం ఎండ కాస్తోందని చొక్కాలు విప్పి పడుకున్నారు. వాళ్ల ఎండాకాలానికి నేను స్వెట్టరు వేసుకున్నాను. అది సరే. ఓడలు చూద్దామని వచ్చాను. నువ్వున్నావు, నీళ్లున్నాయి, గాలి ఉంది. ఓడే లేదు.

కాసేపు ఓపిక పట్టాను. రేవన్నాక ఓడ ఆలస్యంగా రావడం కొత్తేమీ కాదు. ఇంతలో పసుపుపచ్చది ఒకటి చప్పుడు లేకుండా వచ్చింది, నలుగురు దిగారు, అయిదుగురు ఎక్కారు, వెళ్లిపోయింది. "అది ఓడ కాదు నాన్నా, బస్సు" అంది అమ్మాయి. నీళ్ల మీద బస్సేమిటే అంటే, సిటీ బస్సు టికెట్టే దీనికీ చెల్లుతుందిట. "మరి ఓడలెక్కడ ఆగుతాయి?" "ఇక్కడ ఓడలు ఆగవు నాన్నా, కార్లు ఆగుతాయి. నువ్వు కూర్చున్నచోటికి కిందే."

అప్పుడు తెలిసిందమ్మా నీ కడుపులో ఏముందో. నీటిమట్టానికి దిగువన మూడు అంతస్తులు, దాదాపు 500 కార్లకి చోటు. బోర్న్‌హోమ్ దీవికి వెళ్లే ఓడలు ఒకప్పుడు నిన్ను ఆనుకుని ఆగేవిట. ఇప్పుడు అక్కడ మనిషి మెట్లు దిగి వెళ్లి కారు తాళం తీస్తాడు. ఓడలు బళ్లవుతాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఎవరి వ్యాపారమైనా మునిగితే మా నాన్న ఆ మాటే అనేవాడు, అని నిట్టూర్చేవాడు. ఆ సామెతకి ప్లాను గీయించి, కాంక్రీటు పోసి, కట్టి చూపించిన ఊరు మాత్రం ఇదొక్కటే.

ఇక పేరు సంగతి. నీళ్ల మధ్యలోకి చొచ్చుకొచ్చిన చోటికి, షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో నీళ్లలో పడి చచ్చిపోయిన పిల్ల ఒఫీలియా పేరు ఎవరు పెట్టారమ్మా? పక్కనే 2008లో కట్టిన నాటకశాల ఉంది, హామ్లెట్ డెన్మార్క్ రాకుమారుడు, ఆ కథ జరిగిన హెల్సింగోర్ కోట ఇక్కడికి రైల్లో ముప్పావుగంట దూరం. అందుకని పెట్టారు, తెలుసు. ఆ నాటకంలో పోయినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ మిగతావాళ్లు కనీసం పొడి నేల మీద పోయారు. హామ్లెట్ స్నేహితుడు హొరేషియో అయితే చివరిదాకా బతికి బయటపడ్డాడు. శుభమా అని ఆయన పేరు పెడితే పోయేదేముంది? మా వైపు నాటు పడవకి కూడా కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ రాసి, ఏ గంగమ్మ పేరో పెట్టి గానీ నీళ్లలోకి దించరు.

నీ పాత పేరే నాకు నచ్చింది. క్వెస్ట్‌హుస్. దెబ్బలు తగిలిన నావికుల కోసం ఎప్పుడో ఇక్కడ పెట్టిన ఆసుపత్రి వల్ల వచ్చిన పేరుట. అది నిజం చెప్పే పేరు. రేవులో పనిచేసినవాడి ఒంటి మీద గుర్తు లేకుండా ఉండదు. నా ఎడమ చెయ్యి చిటికెన వేలికి గోరు లేదు, ఒక యూరియా స్లింగు తీసుకుపోయింది. ఆ వేలు నీకు చూపిద్దామనే మెట్ల దాకా దిగాను, చలికి మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను.

అసలు నా కడుపుమంట వేరు. రిటైరైన రోజున నాకొక శాలువా, ఒక గోడ గడియారం ఇచ్చారు. గడియారం రోజుకి అయిదు నిమిషాలు వెనక. నీకు? దేశం సాంస్కృతిక శాఖ, రాయల్ థియేటరు, రియల్‌డానియా అనే ఫౌండేషను, ముగ్గురూ కలిసి ఒళ్లంతా కొత్తది చేయించారు. పక్కింటి నాటకశాల చుట్టూ నీళ్ల మీద ఓక్ చెక్కల నడవ. ఏరు దాటాక ఓడ మల్లయ్యని బోడి మల్లయ్య అనడమే మాకు తెలుసు. బోడి మల్లయ్యకి పట్టాభిషేకం చేయడం నీ దగ్గరే చూశాను. ఉద్యోగం పోయాక రంగు తేలినవాళ్లని నిన్ను తప్ప ఇంకెవరినీ ఎరగను.

నువ్వొక్కదానివే కాదులే. మర్నాడు అమ్మాయి వెంట తిరిగితే ఈ రేవంతా ఒక పెన్షనర్ల సంఘమని అర్థమైంది. నీకు దగ్గర్లో 1787 నాటి ధాన్యం గోదాం ఉంది, అది హోటలైంది. ఇంకొంచెం ముందుకెళితే కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చక్కెర దిగిన గోదాం, అందులో ఇప్పుడు ప్లాస్టర్ పోత బొమ్మలు నిలబడి ఉన్నాయి. ఆ గుమ్మం ముందు నా ముచ్చట్లు ఆగిపోయాయి. ఆ బస్తాలకీ ఎవడో ఒక గుమాస్తా నాలాగే గీతలు గీసి ఉంటాడు, నాలాగే సంతకం పెట్టి, టీ తాగి, ఇంటికి పోయి ఉంటాడు.

నీకు ఎదురుగా ఉన్నది నౌకాదళం వాళ్ల పాత స్థావరం. దాని పక్క దీవి మీద 2005లో తెరిచిన ఒపేరా హౌస్. ఓడల కంపెనీ పెద్దాయన మెర్స్క్ మెకినీ మొల్లర్ దేశానికిచ్చిన కానుక. ఓడల డబ్బంతా అటు ఒడ్డున పాట పాడుతుంటే, ఇటు ఒడ్డున ఒక్క ఓడా లేదు. దాని చూరు నీళ్ల మీదికి ఎంత ముందుకొచ్చిందంటే, మా ఊళ్లో అయితే ఆ నీడలో ఈపాటికి నాలుగు బజ్జీల బండ్లు, ఒక చెప్పులు కుట్టేవాడు, ఒక చిలక జోస్యం వెలిసేవి. ఇంకా అవతల బర్మైస్టర్ అండ్ వైన్ వాళ్ల షిప్‌యార్డు. సముద్రాలు దాటిన తొలి పెద్ద డీజిల్ ఓడ సెలాండియాని 1912లో కట్టింది ఆ కంపెనీయే. 1996లో యార్డు మూతపడింది. వెల్డర్లు నిప్పురవ్వలు ఎగజిమ్మినచోట ఇప్పుడు కుర్రాళ్లు నూడుల్స్ తింటున్నారు. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు.

నీ పక్కనే రెండు ముక్కలుగా జరిగి, మళ్లీ మధ్యలో కలుసుకునే వంతెన ఉంది కదా, దాన్ని ముద్దు వంతెన అంటారుట. ఆ రెండు ముక్కలూ కలవడానికి మూడేళ్లు ఆలస్యమైందిట. మా అమ్మాయి సంబంధం కూడా అంతే, కట్నం దగ్గర ఆగింది.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద రాయడానికి కలం రాలేదు. అదీ నీళ్లు. రేవు నీళ్ల రంగు నాకు తెలుసు. టీ కాచి మర్చిపోయిన గిన్నెలో రెండు చుక్కల కిరోసిన్ వేస్తే వచ్చే రంగు. మీ ఊరివాళ్లు మురుగు కాలవలు బాగుచేసుకుని, 2002లో ఇదే రేవు నీళ్లలో ఐలాండ్స్ బ్రిగ్గె దగ్గర జనం ఈదడానికి చోటు కట్టారు. మా మనవరాలు అక్కడ కట్ట మీద నుంచి దూకింది. మా ఆవిడ "అమ్మో, రేవు నీళ్లే" అని కేకేసింది. పిల్ల పైకి తేలి నోట్లోంచి ధార ఊదింది. నేను నా టవలు పట్టుకుని, ఒంటికి గ్రీజు ఎక్కడ అంటిందా అని చెవుల వెనక దాకా వెతికాను. దొరకలేదు. టవలు తెల్లగానే ఉంది.

కాఫీ విషయానికి మాత్రం నేను వెనక్కి తగ్గను. పులిహోర తిన్నాక వెచ్చగా ఉంటుందని ఒక బండి దగ్గర కాఫీ తాగాం. 45 క్రోనర్లు, మన డబ్బుల్లో అయిదువందల పైమాట. రేవు గేటు బయట టీ తాగితే ఆ డబ్బుకి నేనూ, కళాసీలూ, క్రేన్ డ్రైవరూ, అటుగా వచ్చిన కస్టమ్స్ ఆయనా నెల గడిపేసేవాళ్లం. ఈ ఊరి పేరుకి అర్థం వర్తకుల రేవుట. వర్తకులు ఎక్కడికీ పోలేదు, సరుకు మాత్రం మారింది.

వర్తకమంటే గుర్తొచ్చింది, నీకూ మాకూ పాత లెక్క ఒకటుంది. 1620 నుంచి 1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేసేదాకా తమిళ తీరంలో తరంగంబాడి మీవాళ్లది. ఆ ఓడలు బయల్దేరింది ఈ నీళ్లలోంచే. మీ రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపిన మతబోధకులు 1706లో అక్కడ దిగారు. వాళ్ల తర్వాత అదే మిషన్‌కి వచ్చిన షుల్జ్ అనే జర్మన్ ఆయన మద్రాసు చేరి, తెలుగు నేర్చుకుని, జర్మనీ తిరిగెళ్లాక హాలె పట్నంలో 1746-47లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగువాడు ఇంకా తాటాకు మీద గంటంతో గీస్తున్న రోజులవి. కాబట్టి నీకు తెలుగులో ఉత్తరం రాయడం మరీ అంత వింతేమీ కాదు.

ఓడలెక్కడికి పోయాయో చూపించమని నాలుగు రోజులు పోరితే అమ్మాయి నూర్‌హౌన్ వైపు తీసుకెళ్లింది. ఊరికి ఉత్తరాన, కంచెకి ఇవతల నిలబడి చూశాను. టూరిస్టు ఓడలు అపార్ట్‌మెంట్లలా నిలబడ్డాయి. అవతల పెట్టెలు, పెట్టెల మీద పెట్టెలు. మనిషి కనపడలేదు. అక్కడే తల తిరిగిందమ్మా. కంటైనర్ వచ్చాక దానికి లోతైన నీళ్లు కావాలి, ఎకరాలకి ఎకరాలు చదును నేల కావాలి, లారీలు తిరిగే తోవ కావాలి. అవన్నీ ఊరి నడిబొడ్డున నీ దగ్గరెక్కడివి? అలా నీ పని పోయింది. ఆ పెట్టెలోనే బస్తాలన్నీ సీలు వేసుకుని వస్తే స్లింగుకి ఎన్నని లెక్క ఎవడికి కావాలి? అలా నా పని పోయింది. నిన్నూ నన్నూ ఇంటికి పంపింది ఒకే ఇనప పెట్టె. నీకు నాటకం పేరు పెట్టి కూర్చోబెట్టారు, నన్ను కూరగాయల సంచి ఇచ్చి పంపారు. అంతే తేడా.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఒంటరిగా మళ్లీ నీ దగ్గరికి వచ్చాను. రాత్రి తొమ్మిదిన్నర, ఇంకా వెలుతురుగానే ఉంది. ఊరికే కూర్చుంటే చెయ్యి ఆడలేదు. మందుల చీటీ తిరగేసి నీకు టాలీ రాశాను. సైకిళ్లు, నాలుగు అయిదులు మీద మూడు. కుక్కలు నాలుగు. చేతులు పట్టుకున్న జంటలు ఏడు, వదిలేసినది ఒకటి. పుస్తకం చదువుతున్న ముసలావిడ ఒకరు, చెప్పులు విప్పి పక్కన సర్ది పెట్టుకుంది. పసుపు బస్సులు రెండు. ఓడలు నిల్. డ్యామేజీ నిల్.

టాలీ షీటు మీద రెండు సంతకాలుండాలి, ఒకటి రేవు తరఫున, ఒకటి ఓడ తరఫున. లేకపోతే చెల్లదు. రేవు తరఫున నేను పెట్టేశాను. రెండో గడి అలాగే ఉంచి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టాలీ గుమాస్తా

తా.క. ఫ్లాస్కు మూత నీ మెట్ల మీద మర్చిపోయాను. నీలం రంగుది, అంచున చిన్న పగులు ఉంటుంది. మా ఆవిడ రోజూ అడుగుతోంది. ఎవరికైనా దొరికితే అట్టే పెట్టమను, వచ్చే ఏడు తీసుకుంటాను.